మొదలు పీకేది దేనితో?



ఈ రోజు మీతో సర్కారు తుమ్మ గురించి మాట్లాడతాను. మీ ఊళ్ళో దాన్ని ఇంగ్లీషు తుమ్మ అంటారేమో, చిల్ల చెట్టు అంటారేమో, ఉత్తగా కంప అనే అంటారేమో. చెట్టు మాత్రం ఒకటే. చెరువు కట్ట మీద ఉంటుంది. కాలువ గట్టున ఉంటుంది. రెండు మూడేళ్ళు దున్నకుండా వదిలేసిన చేలో అయితే ఇక చెప్పక్కర్లేదు. మనిషి లోపలికి అడుగు పెట్టడానికి వీల్లేకుండా అల్లుకుపోతుంది.

అలాంటి భూమిని మళ్ళీ సాగులోకి తెచ్చుకుందామని చాలామంది అనుకుంటున్నారు. కొత్తగా బోరు పడినవాళ్ళున్నారు. పట్నంలో పని మానేసి, తాతలనాటి రెండెకరాలు బాగుచేసుకుందామని ఊరికి తిరిగొచ్చినవాళ్ళున్నారు. వీళ్ళందరూ మొట్టమొదట అడిగేది ఒకటే. "ఏ మిషన్ కొనమంటారు?"

కొనండి. కానీ అంగడికి వెళ్ళే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ చేలో చెట్లను కొట్టేది దేనితో అని కాదు. వాటి మొదలు పీకేది దేనితో? ఇది ముందు తేలాలి. ఆఖరున వాడే పనిముట్టు ఏదో తెలిస్తే, మొదట వాడాల్సింది ఏదో దానంతట అదే తేలిపోతుంది. ఈ మాట ఈ ప్రసంగంలో మళ్ళీ మళ్ళీ చెబుతాను. ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

ఈ చెట్టు మన నేలది కాదు. దీని పుట్టిల్లు మెక్సికో, దక్షిణ అమెరికా వైపు. 1877 ప్రాంతంలో విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. అప్పటి మద్రాసు అటవీ శాఖ ఉద్దేశం మంచిదే. వానలు లేని సీమలో జనానికి వంటచెరకు దొరకాలి, బంజరు మీద కాస్త పచ్చదనం కనబడాలి. ఆ రెండూ జరిగాయి కూడా. కరువు రోజుల్లో ఎన్ని పొయ్యిలు దీనివల్ల వెలిగాయో పెద్దవాళ్ళకు తెలుసు. ఈనాటికీ దీని బొగ్గు మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. అందుకే ఈ చెట్టును తిట్టడానికి నేను రాలేదు. పంట పండాల్సిన చేలో మాత్రం దీనికి చోటు లేదు. అక్కడి నుంచి దీన్ని ఎలా పంపించాలన్నదే మన మాట.

సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే ఏమవుతుంది? మీలో చాలామందికి తెలుసు. ఒక వాన పడగానే నాలుగు కొత్త కొమ్మలు లేస్తాయి. ఒకే మాను ఉన్న చోట నాలుగైదు మానులున్న పొద తయారవుతుంది. మరుసటి ఏడు దాన్ని కొట్టడం ఇంకా కష్టం. ఎందుకిలా? నేల మట్టానికి కొంచెం కింద, కాండం అయిపోయి వేరు మొదలయ్యే చోట ఒక ఉబ్బు ఉంటుంది. చిగుళ్ళన్నీ అందులో దాక్కుని ఉంటాయి. పైన ఎంత కొట్టినా ఆ ఉబ్బు బతికే ఉంటుంది. పార తీసుకుని ఏ మొద్దు చుట్టూ అయినా మట్టి లాగి చూడండి. బెరడు రంగు మారే చోటు కనబడుతుంది. పక్కవేర్లు చీలిపోయే చోటు కనబడుతుంది. దానికి కింద తెగాలి. మామూలుగా జానెడు నుంచి అడుగు లోతు. చెరువు శిఖాల పక్కన, ఒండ్రు మేట వేసిన చోట ఇంకొంచెం లోతు, ఎందుకంటే మట్టి పైకి వచ్చిన కొద్దీ ఆ చిగుళ్ళ చోటు కిందికి పోయినట్టే.

మళ్ళీ చెబుతున్నాను. నేలపైన కొడితే కొమ్మలు పెరుగుతాయి. నేలలోపల, ఆ ఉబ్బు కింద తెగితేనే చెట్టు పోతుంది. కాబట్టి మంచి రంపం ఉంది కదా, పని అయిపోయినట్టే అనుకోకండి. రంపం మట్టిలోకి దిగదు. దించకూడదు కూడా. చైన్ సా పళ్ళు రెండు క్షణాలు మట్టి కొరికితే చాలు, మొద్దుబారిపోతాయి.

మరి మొదలు పీకేది దేనితో? మీ చేలో ఉన్న చెట్లను బట్టి మూడు దారులు.

బొటనవేలు లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్న మొక్కలే అయితే గడ్డపార, చలుగపార చాలు. గడ్డపారను కొన్ని ఊళ్ళలో గునపం అంటారు, పలుగు అంటారు. ఇద్దరు మనుషులు, ఒక గడ్డపార, ఒక పార, ఒక చిన్న గొడ్డలి. చుట్టూ మట్టి లాగడం, వేరు కనబడగానే ఉబ్బు కింద ఒక్క దెబ్బ. ఎకరం అరెకరం భూమికి ఇంతకు మించి ఖర్చు పెట్టొద్దు. ఈ పనికి మిషన్ తెచ్చిన రైతు కంటే, నేల పదును చూసి దిగిన రైతు తొందరగా ముగిస్తాడు. వానలు వెనకబట్టి, నేలలో ఇంకా తడి ఉన్నప్పుడు గడ్డపార దానంతట అదే దిగుతుంది. అదే పని ఎండాకాలంలో పెట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతాయి తప్ప వేరు బయటపడదు.

చెట్లు తొడ లావు, అంతకు మించి ఉండి, సంఖ్య కూడా ఎక్కువగా ఉంటే జేసీబీ పిలవాల్సిందే. పెద్ద భూమి అయితే గొలుసుల మీద నడిచే ప్రొక్లెయినర్.

ఈ రెంటికీ మధ్యలో ఇంకో దారి ఉంది. చెట్లు అక్కడక్కడ పది పదిహేను ఉన్నాయి, మోస్తరు లావు. జేసీబీ పిలిస్తే రాకపోకల ఖర్చే ఎక్కువ. అలాంటి చోట గడ్డపారతో వేర్లు సగం విప్పి, చైన్ పుల్లీతో లాగొచ్చు. బోరు మోటారు పైకి లాగేటప్పుడు వాడతారే, ఆ చైన్ పుల్లీనే. పక్కనున్న గట్టి చెట్టుకు గోనెసంచి చుట్టి, దానిమీద గొలుసు వేసి, నిదానంగా లాగితే మొదలు ఒరుగుతుంది. నిదానమే దీని బలం.

ఇక్కడే ఒక కీలకమైన సంగతి. జేసీబీతో గానీ, పుల్లీతో గానీ పీకేద్దామనుకుంటే చెట్టును ముందుగా నేల మట్టానికి కోసెయ్యకండి. నడుం ఎత్తు దాకా మాను వదిలెయ్యండి. పైన కొమ్మలు, ముళ్ళు తీసెయ్యండి, అంతే. ఆ నడుమెత్తు మానే మీకు పట్టు. జేసీబీ బొక్కెన దానికి ఆనించి తోస్తే వేరుతో సహా లేస్తుంది. గొలుసు దాని తలకు దగ్గరగా వేసి లాగితే సగం బలంతో ఒరుగుతుంది. చాలామంది ఏం చేస్తున్నారు? ముందు చైన్ సా కొంటారు. ఉత్సాహంగా అన్నీ నున్నగా నేలకు కోసేస్తారు. తర్వాత జేసీబీ వస్తుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఒక్కో మొద్దు కోసం గుంత తవ్వాలి. గంటల లెక్కన డబ్బు పోతుంది, చేను నిండా గుంతలు మిగులుతాయి. ఆఖరి పనిముట్టును ముందు తేల్చుకోమని అన్నది ఇందుకే.

ట్రాక్టరుతో లాగుదామా అని అడుగుతారు. ఈ మాట దగ్గర నాకు భయం. మొద్దుకు గొలుసు కట్టి, ఇంకో కొస ట్రాక్టరు వెనక ఎత్తులో ఎక్కడో తగిలించి, ఒక్కసారిగా క్లచ్ వదిలితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. తోలేవాడు దాని కింద ఉంటాడు. దిగడానికి సమయం ఉండదు. తప్పనిసరై లాగాల్సి వస్తే, కింద ఉండే డ్రాబార్‌కే తగిలించాలి. టాప్ లింకుకు, ఇరుసుకు ఎప్పుడూ తగిలించకూడదు. గొలుసు గానీ, ఇనుప తాడు గానీ తెగితే ఎగిరి వచ్చే దారిలో ఎవరూ నిలబడకూడదు. నన్నడిగితే, మొదళ్ళు పీకడానికి ట్రాక్టరు వద్దు. కోసిన కొమ్మలు మోయడానికి వాడండి.

సరే, మొదలు సంగతి తేలింది. ఇప్పుడు పైన కోసే పనిముట్ల దగ్గరికి వద్దాం.

కంప చెట్టు దగ్గర అన్నిటికంటే ముందు చేతిలో ఉండాల్సింది పంగలకర్ర. మీ తాతలు వాడే ఉంటారు. మనిషి ఎత్తున్న గట్టి కర్ర, చివర రెండు పంగలు. దీనికి అంగడి అక్కర్లేదు, వేప కొమ్మో, ఇంకే గట్టి కొమ్మో చూసి కొట్టుకోవచ్చు. ఒకరు పంగలకర్రతో కొమ్మను పైకి నెట్టి పట్టుకుంటారు, ఇంకొకరు దాని మొదట్లో దెబ్బ వేస్తారు. తెగిన కొమ్మను చేత్తో ముట్టకుండా అదే కర్రతో ఈడ్చి కుప్ప వేస్తారు. సర్కారు తుమ్మ ముల్లు రెండు అంగుళాల దాకా పెరుగుతుంది. రబ్బరు చెప్పును పొడుచుకుని పాదంలోకి దిగుతుంది. లోపల విరిగితే చీము పడుతుంది, నెలల తరబడి నడవనివ్వదు. ముల్లు గుచ్చుకుంటే బయటికి తీయించి, కడిగి, టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి. ఈ చేలో పనికి మందపాటి అడుగున్న బూట్లు, మోచేతుల దాకా వచ్చే తోలు చేతితొడుగులు కావాలి. వీటి డబ్బు మిగుల్చుకుని మిషన్ కొనకండి. ముందు ఇవి కొనండి. కూలికి వచ్చే ఆడవాళ్ళకూ ఇవ్వండి. కంప ఏరి మోసేది ఎక్కువగా వాళ్ళే, ఎక్కువ ముళ్ళు దిగేది వాళ్ళ చేతుల్లోనే.

గొడ్డలి విషయానికొస్తే, మీ ఊళ్ళో కమ్మరి ఇంకా కొలిమి వెలిగిస్తుంటే మీరు అదృష్టవంతులు. ఆయన దగ్గరికి వెళ్ళండి. ఎవరు వాడతారో, ఏ చెట్టు మీద వాడతారో చెప్పి చేయించుకోండి. అంగడిలో గొడ్డలి అందరికీ ఒకటే. కమ్మరి చేసిన గొడ్డలి మీ చేతికి తగ్గట్టు ఉంటుంది. సర్కారు తుమ్మ గట్టి చెక్క. మరీ పలుచని అంచు పెడితే పెచ్చు లేచిపోతుంది, అంచు వెనక కొంచెం దళం ఉండాలి. కామ పొడుగు వాడే మనిషిని బట్టి ఉండాలి. పొట్టిగా ఉంటే దెబ్బ తప్పినప్పుడు మోకాలికి తగులుతుంది. కామకు చిరుమానో, నల్ల తుమ్మో మంచిది. కణుపులు లేని కర్ర, చార నిలువుగా నడిచిన కర్ర చూసుకోండి. పొద్దున పనిలోకి దిగే ముందు గొడ్డలి తల కదులుతోందా అని ఒక్కసారి ఊపి చూడండి. కదిలితే చీల దిగ్గొట్టి గానీ ఎత్తొద్దు.

కొమ్మలు నరకడానికి మచ్చుకత్తి, ఎత్తు కొమ్మలకు దోటి. ఇవి మీ ఇంట్లో ఉన్నవే. కొత్తవి కొనక్కర్లేదు, సాన పట్టించండి.

బ్రష్ కట్టర్ గురించి ఎక్కువ చెప్పను. గడ్డి, పొదలు, వేలెడు లావు మొక్కలకు బాగుంటుంది. పళ్ళ చక్రం బిగిస్తే ఇంకొంచెం లావువి కూడా కోస్తుంది. కానీ ఇదీ నేలపైనే కోస్తుంది. సర్కారు తుమ్మకు ఇది క్షవరం మాత్రమే. దారి చేసుకోవడానికి వాడండి. తిరిగే చక్రం రాయిని తాకితే ఆ రాయి బాణంలా వస్తుంది, కాబట్టి చుట్టూ 15 మీటర్ల లోపల మనిషి గానీ, మేక గానీ ఉండకూడదు.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే చైన్ సా. చెట్లు కోసే మిషన్. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఎంత పని చేస్తుందో, అంత ప్రమాదం కూడా చేస్తుంది.

అంగట్లో 22 అంగుళాల పట్టీ, అంటే గొలుసు తిరిగే పలక, ఉన్న మిషన్లు చవగ్గా దొరుకుతున్నాయి. పెద్దది, చవకది అని తెచ్చుకుంటారు. మీ చేలో సర్కారు తుమ్మ మాను మహా అయితే ఎంత లావు ఉంటుంది? జానెడు, జానెడున్నర. దానికి 16 లేదా 18 అంగుళాల పట్టీ ధారాళంగా సరిపోతుంది. పట్టీ పొడుగైన కొద్దీ ముక్కు మీ కంటికి కనబడకుండా కొమ్మల్లో ఎక్కడో తిరుగుతుంటుంది. ప్రమాదం ఆ ముక్కుతోనే. పట్టీ చివర పైభాగం కొమ్మకో, రాయికో తగిలిందంటే, మిషన్ మొత్తం ఎగిరి మీ ముఖం మీదికి వస్తుంది. గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. రెప్ప వేసే లోపల జరిగిపోతుంది. అందుకే కొనేటప్పుడు ముందు చైన్ బ్రేకు చూడండి. ముందు పిడి దగ్గర ఉండే ఆ అడ్డుపలక. చేత్తో ముందుకు తోస్తే గొలుసు టక్కున ఆగాలి. అంగట్లోనే స్టార్ట్ చేయించి చూడండి. ఆగకపోతే ఆ మిషన్ ఎంత చవకైనా తీసుకోవద్దు.

ఇంకొకటి అడగండి. దీని గొలుసు, ప్లగ్గు, స్టార్టరు తాడు మీ దగ్గరున్న పట్టణంలో దొరుకుతాయా? బాగుచేసే మనిషి ఉన్నాడా? లేకపోతే చిన్న భాగం కోసం మిషన్ నెలల తరబడి మూలన పడి ఉంటుంది. పది రోజుల పనే ఉంటే అసలు కొనకండి. మిషన్‌తో సహా మనిషిని కూలికి పిలుచుకోండి. కస్టమ్ హైరింగ్ సెంటర్లలో అద్దెకు దొరుకుతుందేమో మీ వ్యవసాయ అధికారిని అడగండి.

మిషన్‌లో రెండు నూనెలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, రెండు నూనెలు. ఒకటి పెట్రోలులో కలిపే టూ-టీ ఆయిల్. ఎంత కలపాలో మిషన్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది. కొన్నిటికి లీటరుకు 20 మిల్లీలీటర్లు, కొన్నిటికి 40. పక్కింటివాళ్ళ లెక్క కాదు, మీ మిషన్ పుస్తకం లెక్క. ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఇంజిన్ పోయినట్టే. రెండోది గొలుసుకు పోసే నూనె. దానికి వేరే మూత ఉంటుంది. పెట్రోలు నింపిన ప్రతిసారీ ఆ నూనె కూడా నింపండి.

గొలుసు పదును పోయిందని ఎలా తెలుస్తుంది? మిషన్ చెప్పదు, పొట్టు చెబుతుంది. కింద రాలిన పొట్టును చేతిలోకి తీసుకోండి. చిన్న చిన్న పెచ్చులుగా ఉంటే గొలుసు పదునుగా ఉంది. మెత్తటి పొడిగా రాలుతుంటే పదును పోయింది. అప్పుడు మీరు మిషన్‌ను అదిమి కోస్తారు. చేతులు అలసిపోతాయి, ఇంజిన్ కాగిపోతుంది. ఆపేయండి. మిషన్ చల్లారనివ్వండి. గుండ్రటి ఆకురాయి తీసుకోండి. మీ గొలుసుకు ఏ సైజు ఆకురాయి పడుతుందో అంగట్లోనే అడిగి తెచ్చుకుని ఉండాలి. ఒక్కో పన్నుకు లోపలి నుంచి బయటికి రెండు మూడు రుద్దులు. ఒకే వాలు, ఒకే బలం, అన్ని పళ్ళకూ అన్నే రుద్దులు. ముందు ఒక వైపు పళ్ళన్నీ, తర్వాత మిషన్ తిప్పుకుని రెండో వైపు. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ రుద్దితే కోత పక్కకు వంకర పోతుంది. రోజుకు ఎన్నిసార్లు పదును పెట్టాల్సి వచ్చినా విసుక్కోకండి. ఈ చెట్టు చెక్క అంత గట్టిది.

పంచె, లుంగీ, మెడలో తువ్వాలు, చున్నీ, వదులు చేతుల చొక్కా వేసుకుని చైన్ సా ముట్టకండి. తలకు హెల్మెట్, కళ్ళకు అద్దాలు, చెవులకు తొడుగు ఉండాలి. దాని మోత 100 డెసిబెళ్ళు దాటుతుంది, చెవులు నెమ్మదిగా చచ్చుబడతాయి, మనకు తెలియను కూడా తెలియదు. కాళ్ళకు చైన్ సా ప్యాంట్లు అని దొరుకుతాయి. వాటిలో పొడుగు దారాల పొరలు ఉంటాయి. గొలుసు తగలగానే ఆ దారాలు బయటికి వచ్చి గొలుసును చుట్టేసి ఆపేస్తాయి. ఖరీదే. కానీ ఇది రోజూ చేసే వృత్తి అయితే కొనాల్సిందే. పని నేర్పకుండా పిల్లవాడి చేతికి మిషన్ ఇవ్వకండి. భుజం కంటే ఎత్తులో కోయకండి. చెట్టెక్కి కోయకండి. ఒంటరిగా కోయకండి.

పెద్ద మాను పడగొట్టాలంటే ఒక పద్ధతి ఉంది. మాను పడాల్సిన వైపు ముందు ఒక గాటు, నోరు తెరిచినట్టు. మాను లావులో నాలుగో వంతు లోతు చాలు. తర్వాత వెనక వైపు నుంచి, ఆ గాటుకు కొంచెం పైన, అడ్డంగా కోత. కానీ మొత్తం తెగ్గోయకూడదు. మధ్యలో కోయని చెక్క ఒక పట్టీలా మిగలాలి. మాను 30 సెంటీమీటర్ల లావుంటే 3 సెంటీమీటర్ల పట్టీ. అదే చెట్టును తిన్నగా పడేలా పట్టుకుంటుంది. అది తెగిందా, చెట్టు ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు. కోసే ముందే మీరు వెనక్కి, పక్కకు తప్పుకునే దారి శుభ్రం చేసుకుని పెట్టుకోండి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. పైన కరెంటు తీగ ఉంటే మాత్రం చెయ్యి పెట్టొద్దు. లైన్‌మన్‌కు చెప్పి, సరఫరా ఆపించి, ఆయన సరే అన్నాకే పని.

ఇక జేసీబీ. ముందు రోజు మీరు చేయాల్సిన పని ఒకటి ఉంది. చేలో తిరిగి, ఉంచాల్సిన చెట్లకు సున్నం పూయండి. వేపకు, తాటికి, చింతకు, మన నల్ల తుమ్మకు. నల్ల తుమ్మను, సర్కారు తుమ్మను మిషన్ మీద కూర్చున్న కుర్రాడు వేరు చేసి చూడలేడు, ఆ తొందరలో మనం కూడా చూడలేం. పువ్వు చూడండి. నల్ల తుమ్మకు గుండ్రటి పసుపుపచ్చ పువ్వు. సర్కారు తుమ్మకు వేలాడే పొడుగు పువ్వు. కాయ చూడండి. నల్ల తుమ్మ కాయ గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయి ఉంటుంది. సర్కారు తుమ్మ కాయ బద్దగా, లేత పసుపుగా ఉంటుంది. నల్ల తుమ్మ నాగలికి, కామకు, బండికి చెక్క ఇచ్చిన చెట్టు. దాని నీడన మేకలు బతికాయి. కంపతో పాటు అది కూడా పోతే నాకు నిజంగా బాధేస్తుంది. పోగొట్టుకున్నాక అంత చెట్టు మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది.

మిషన్ గంట ఎక్కడి నుంచి మొదలవుతుందో, షెడ్డు నుంచా, చేలో దిగినప్పటి నుంచా, ముందే మాట్లాడుకోండి. పని జరుగుతున్నంతసేపూ మీరు అక్కడే ఉండండి. మీరు చూడాల్సింది ఒక్కటి. పై మట్టి. జానెడు లోతు పై మట్టిలోనే మీ పంట ఉంది. బొక్కెన మొదలుతో పాటు ఆ మట్టిని కూడా ఎత్తి గట్టు మీద పోసేస్తుంది. మొదలును అక్కడే విదిలించమని చెప్పండి. మట్టి చేలోనే రాలాలి. కింది మట్టి పైకి, పై మట్టి కిందికి వెళ్తే రెండు మూడేళ్ళు పైరు పసుపు తిరుగుతుంది. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు మిషన్ దింపొద్దు, నేల అణిగిపోతుంది. ఎర్ర చెలకలో కొంచెం తడి ఉంటే మేలు. మిషన్ వెనకాలే ఒక మనిషి గడ్డపారతో నడవాలి. విరిగి లోపలే ఉండిపోయిన మొదళ్ళను అతను తీయాలి. ఆ మనిషి కూలి దగ్గర వెనకాడితే, వచ్చే ఏడు మళ్ళీ జేసీబీని పిలవాల్సి వస్తుంది.

చట్టం గురించి ఒక్క మాట. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. సొంత పట్టా భూమిలోనైనా కొన్ని చెట్లు కొట్టడానికి అనుమతి కావాలి. ఏ చెట్టుకు కావాలి, దేనికి అక్కర్లేదు అన్నది మీ ప్రాంతపు అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. టేకు, ఎర్రచందనం, చందనం ఉంటే అడగకుండా గొడ్డలి ఎత్తనే వద్దు. చెరువు శిఖం, పోరంబోకు మీవి కావు, అక్కడి కంప కూడా మీది కాదు.

కొట్టిన కర్రను పారేయకండి. మంచి వంటచెరకు, మంచి బొగ్గు. లావు ముక్కలు వేరుగా, సన్న కొమ్మలు వేరుగా పేర్చి, కొనేవాళ్ళను ముందే మాట్లాడుకుంటే జేసీబీ ఖర్చులో కొంత తిరిగొస్తుంది. కాయలతో ఉన్న కొమ్మలతో మాత్రం చేనికి కంచె వేయకండి. ఎండాకాలంలో కాయ పండి రాలుతుంది. తియ్యగా ఉంటుంది, మేకలు, ఆవులు ఇష్టంగా తింటాయి. గింజ అరగదు. పేడలో, పెంటికల్లో చేనంతా పడుతుంది, పేడతోనే ఎరువు కూడా దొరికి బలంగా మొలుస్తుంది. వీలైతే కాయ పండక ముందే కొట్టండి. బాగుచేసిన చేలోకి ఆ ఏడు మందను దింపకండి.

నేలలో ఇప్పటికే ఉన్న గింజలు ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటాయి. తొలకరి పడిన పది పదిహేను రోజులకు చేలో ఒకసారి నడవండి. వేలెడు మొక్క తడి నేలలో రెండు వేళ్ళతో వేరుతో సహా వచ్చేస్తుంది. ఇంటిల్లిపాదీ ఒక పూట నడిస్తే ఎకరం అయిపోతుంది. అదే మొక్కను మరుసటి తొలకరి దాకా వదిలితే గడ్డపార కావాలి. దున్నడం, జనుమో ఉలవో చల్లడం మొదటి ఏడే చేయండి. నేల ఖాళీగా ఉంటే ముందు వచ్చేది కంపే. రెండేళ్ళు, మూడేళ్ళు ప్రతి వాన తర్వాతా ఈ నడక తప్పదు. చెట్లు కొట్టే ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఈ మూడేళ్ళ కూలి కూడా అందులో కలిపి రాసుకోండి. అప్పుడే ఏ పనిముట్టు కొనాలో, ఏది అద్దెకు తేవాలో సరిగ్గా తేలుతుంది.